నాలుగు కార్డ్స్ ఖరారయ్యాయి, ట్యూన్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఫ్రెండ్ గిటార్ మీద ఒక లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే కార్డ్స్ వరస, కార్డ్ అంటే కలిపి ఒకేసారి మోగించే కొన్ని స్వరాలు) వాయించి పంపిస్తాడు, దీని మీద ఏదైనా కట్టు అంటాడు. లేదా షార్ట్ ఫిల్మ్ తీస్తున్నవాళ్లు ఎడిట్ అంతా ఆ లూప్ మీదే చేసేసి, కార్డ్స్ మార్చొద్దు, పైన మెలొడీ మాత్రం కొత్తగా కావాలి అంటారు. లేదా మీరే కీబోర్డ్ దగ్గర కూర్చుని నాలుగు కార్డ్స్ తిప్పి తిప్పి వాయిస్తుంటే బాగా అనిపించి, అక్కడే ఆగిపోతారు. ఎలా వచ్చినా ఇబ్బంది ఒకటే. కార్డ్స్ ఉన్నాయి, మాటలు లేవు, పాడేవాళ్లు లేరు, ట్యూన్ రావట్లేదు.

ఇలాంటప్పుడు మొదలుపెట్టడానికి నాకు తెలిసిన దారులు ఐదు: గొంతుతో, కార్డ్స్‌లోనే దాగున్న గీతతో, లయతో, రాగంతో, చివరిగా కార్డ్‌ని విడగొట్టి వాయిస్తూ. అన్నీ పనిచేస్తాయి. కానీ ఎక్కడ మొదలుపెట్టారన్నదే ట్యూన్ స్వభావాన్ని చాలావరకు తేల్చేస్తుంది, అందుకే ఎంచుకునే ముందు కాసేపు ఆలోచించడం మంచిది.

ఉదాహరణకి ఒకే వరస పట్టుకుందాం: ఏ మైనర్ (A minor), ఎఫ్ (F), సి (C), జి (G). ఒక్కో కార్డ్‌కి నాలుగు బీట్లు (ఆ ముక్కనే బార్ అంటారు), టెంపో 80, అంటే నిమిషానికి 80 బీట్లు. ఒక రౌండ్ సరిగ్గా 12 సెకన్లు, ఎనిమిది రౌండ్లు తిప్పితే 96 సెకన్లు, అంటే నిమిషంన్నర పైచిలుకు. చిన్న ఇన్‌స్ట్రుమెంటల్‌కి (మాటల్లేని ట్యూన్‌కి) ఇది సరిపోయే కొలత.

ఈ వరస ఇప్పటికే బోలెడు పాటల్లో ఉంది కదా, నాది కొత్తది ఎలా అవుతుంది అని చాలామంది వెనకాడతారు. వెనకాడక్కర్లేదు. బ్లూస్ వాయించేవాళ్లు తరాలుగా అదే 12 బార్ల చట్రంలో కొత్త ట్యూన్లు కడుతున్నారు. అమెరికన్ కంపోజర్ జార్జ్ గెర్ష్విన్ 1930లో కట్టిన ఒక పాట కార్డ్స్ మీద జాజ్ వాళ్లు వేరే మెలొడీలు ఎన్ని రాసుకున్నారో లెక్కలేదు, ఆ 32 బార్ల వరసకి వాళ్లలో ఒక మారుపేరే ఉంది, ‘రిథమ్ చేంజెస్’ అంటారు. 2023లో న్యూయార్క్‌లో బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ మీద నడిచిన కాపీ కేసులో కూడా గొడవ ప్రధానంగా కార్డ్స్ వరస గురించే, జ్యూరీ ఆయన వైపే తేల్చింది. వరస అందరిదీ. మీది అనిపించుకునేది దాని మీద నడిచే ట్యూన్, దాని లయ, అది ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆ చోటు.

ముందు ఏం చూసుకోవాలి

నేనైతే నాలుగు విషయాలు చూస్తాను. ఎంత తొందరగా ఒక రూపానికి వస్తుంది? కార్డ్స్ తీసేసినా ట్యూన్ తనంతట తాను నిలబడుతుందా? ఇదే వరస మీద ఇంకొకరు కట్టిన దానికంటే వేరుగా వినిపిస్తుందా? మొదలుపెట్టడానికి నాకు ముందుగా ఏం తెలిసుండాలి?

ఇందులో రెండోది మిగతా వాటికంటే ముఖ్యం అని గట్టిగా నమ్ముతాను. కార్డ్స్ వెనక మోగుతుంటే ఏం వాయించినా ఎంతో కొంత బాగానే ఉంటుంది, మోసపోయేది అక్కడే. అవి ఆపేసి, ఉత్త శ్రుతి పెట్టుకుని ట్యూన్ ఒక్కటే వాయించి చూడండి. అప్పుడూ వినాలనిపిస్తే అది ట్యూన్.

ఇంకొక్క పని. ఏ దారిలో వెళ్లినా చేతిలో ఉన్న సరుకు ఏమిటో తెలియాలి. సి ని షడ్జమం (స) అనుకుని రాసుకుంటే ఇలా వస్తుంది:

| కార్డ్ | అందులోని స్వరాలు |
|---|---|
| ఏ మైనర్ | ద స గ |
| ఎఫ్ | మ ద స |
| సి | స గ ప |
| జి | ప ని రి |

ఒక్కసారి నెమ్మదిగా చూడండి. మొదటి మూడు కార్డ్స్‌లోనూ షడ్జమం ఉంది, జి లో లేదు. అంటే మూడు బార్ల పాటు మీరు ‘స’ మీద కదలకుండా నిలబడొచ్చు, నాలుగో బార్‌లో మాత్రం కదలక తప్పదు. ఈ వరసలో మలుపు మొత్తం ఆ జి దగ్గరే ఉంది. అక్కడ ఏం చేశారన్నదాన్ని బట్టే ట్యూన్ గుర్తుంటుందో లేదో తేలిపోతుంది. మీ వరస వేరేదైతే మీరూ ఇలాంటి పట్టిక ఒకటి రాసుకోండి, పది నిమిషాల పని.

గొంతుతో మొదలుపెట్టడం

లూప్‌ని ఫోన్‌లో పెట్టి, వాయిద్యానికి దూరంగా వెళ్లి కూనిరాగం తీయడం. మేడ మీదకి వెళ్లండి, వాకింగ్‌కి వెళ్లండి. ఇంకో ఫోన్‌లోనో చిన్న రికార్డర్‌లోనో పది రౌండ్లు ఆపకుండా రికార్డ్ చేయండి. మొదటి మూడు రౌండ్లలో వచ్చేది ఎక్కువగా పనికిరాదు, అలవాటైన సంగతులన్నీ ముందు బయటికి వస్తాయి. ఐదారు రౌండ్ల తర్వాత విసుగొచ్చి గొంతు వేరే ఏదో చేస్తుంది. ఆ రెండు బార్లు దొరికితే చాలు.

దీని బలం ఊపిరి. కీబోర్డ్ ముందు కూర్చున్న చెయ్యి ఖాళీ వదలదు, గొంతు తప్పనిసరిగా ఆగుతుంది. ఆ ఆగిన చోట్లే ట్యూన్‌కి వాక్యాల్లాంటి విరుపు ఇస్తాయి, వినేవాళ్లు దాన్ని పట్టుకుంటారు.

పాడింది వాయిద్యం మీదకి తెచ్చాక, ప్రతి బార్ మొదటి బీట్ మీద ఏ స్వరం పడిందో చూసుకోండి. కార్డ్‌లో ఉన్న స్వరమైతే స్థిరంగా ఉంటుంది. లేనిదైతే తప్పేం కాదు, కానీ అది ఎక్కడికో దిగాలి. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఒక పని ఉంది: సి కార్డ్‌లో షడ్జమం పట్టుకుని, కార్డ్ జి కి మారినా వదలకుండా అలాగే ఉంచి, ఒక్క బీట్ ఆగి, అప్పుడు నిషాదానికి దించండి. కింద కార్డ్ మారింది, పైన స్వరం ఇంకా మారలేదు, ఆ ఒక్క బీట్‌లో వచ్చే టెన్షన్, తర్వాత అది సడలడం, రెండూ ఒంటికి తెలుస్తాయి. యూరప్‌లో చర్చి సంగీతం రాసినవాళ్లు వందల ఏళ్లుగా వాడిన పద్ధతే ఇది, ఇప్పటికీ అంతే తాజాగా పనిచేస్తుంది.

బలహీనత కూడా గొంతులోనే ఉంది. మనం వింటూ పెరిగిన సినిమా పాటలన్నీ అక్కడే కాచుకుని ఉంటాయి. మీకు ఎంతో సహజంగా, ఒక్క దెబ్బకి వచ్చేసిన లైన్ మీద కొంచెం అనుమానం ఉండాలి. ఇంట్లో ఇద్దరికి వినిపించి ఇదెక్కడైనా విన్నారా అని అడగండి, ముఖ్యంగా మీకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లని.

కార్డ్స్‌లో దాగున్న గీత

పాడటం ఇబ్బందిగా ఉండేవాళ్లకీ, ఖాళీ కాగితం చూస్తే భయం వేసేవాళ్లకీ నేను ముందు చెప్పేది ఇదే. కార్డ్ నుంచి కార్డ్‌కి చెయ్యి ఎగిరి దూకకుండా, దగ్గర్లో ఉన్న స్వరానికే జరుగుతూ వాయించండి. మన వరసని అలా వాయిస్తే మూడు వేళ్ల కింద మూడు గీతలు వస్తాయి:

| | ఏ మైనర్ | ఎఫ్ | సి | జి |
|---|---|---|---|---|
| పై వేలు | గ | మ | గ | రి |
| మధ్య వేలు | స | స | స | ని |
| కింది వేలు | ద | ద | ప | ప |

పై గీతని ఒక్కటే వాయించండి: గ, మ, గ, రి. ఒక్కో స్వరం నాలుగు బీట్లు. ఇది మీరు కనిపెట్టింది కాదు, కార్డ్స్‌లోనే ఉంది, అయినా అప్పుడే సగం ట్యూన్‌లా వినిపిస్తుంది. దీన్ని ఎముకలా ఉంచి కండ పెట్టడమే మిగిలిన పని. మొదటి బార్‌లో గాంధారం మీద మొదలై, మూడో బీట్‌లో రిషభానికి దిగి మళ్లీ గాంధారానికి రండి. రెండో బార్‌లో మధ్యమం నుంచి అదే కదలిక. మూడో బార్‌లో కిందికి దిగకుండా పైన పంచమాన్ని తాకి రండి. నాలుగో బార్‌లో రిషభం మీద ఆగిపోండి, ఏమీ చేయకండి. మొదటి రెండు బార్లలో ఒకటే కదలిక, మూడోది తిరగబడింది, నాలుగోది మౌనం. అంతే, ఒక ట్యూన్ ఉంది.

కిందికి బేస్‌లో కూడా ఇదే ఆలోచన పెట్టొచ్చు. కార్డ్స్ మార్చకుండా, సి కార్డ్ కింద గాంధారాన్నీ జి కింద రిషభాన్నీ బేస్‌లో వేస్తే బేస్ ద, మ, గ, రి అని నడుస్తుంది, మూడు మెట్లు వరసగా దిగుతాయి. గిటార్ వాయించేవాళ్లకీ, చెల్లో లాంటి శబ్దంతో సీన్ కింద పరిచేవాళ్లకీ ఇది చాలా బాగుంటుంది. కానీ పై గీత కూడా గ, మ, గ, రి అయితే చివరి మూడు బార్లలో పైనా కిందా ఒకే స్వరాలు పడి పల్చగా అయిపోతుంది. రెండిట్లో ఒకటే ఎంచుకోండి, లేదా పైన మధ్య వేలి గీత తీసుకోండి.

దీంతో వచ్చే చిక్కు ఏమిటంటే, శ్రద్ధ పెట్టకపోతే ట్యూన్ మరీ బుద్ధిమంతురాలిలా ఉంటుంది. ఎక్కడా దూకదు, ఎక్కడా ఎదురు తిరగదు. ఎనిమిది బార్లకి ఒక్కచోటైనా పెద్ద గెంతు పెట్టండి, కింది ‘ద’ నుంచి పై ‘గ’ కి లాంటిది.

లయతో మొదలుపెట్టడం

స్వరాలు తర్వాత, ముందు చప్పట్లు. ఒక బార్‌లో ఎనిమిది అరబీట్లు ఉన్నాయి, వాటిని తకిట తకిట తక అని విడగొట్టి, మూడు ‘త’ల మీద మాత్రమే స్వరం వేయండి. ఒకే స్వరంతో వాయించినా కదలిక ఉంటుంది. వేరుగా వినిపించడమే మీకు ముఖ్యమైతే ఇంతకంటే గట్టి దారి నాకు కనపడలేదు, ఎందుకంటే ఈ కార్డ్స్ మీద ట్యూన్లు కట్టేవాళ్లలో ఎక్కువమంది స్వరాల గురించే ఆలోచిస్తారు.

మృదంగమో తబలానో కొంచెం తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక పెద్ద ఆస్తి ఉంది. ముక్తాయింపు. జి బార్‌ని పదహారు పావుబీట్లుగా లెక్కేసుకోండి. నాలుగు పావుబీట్ల చిన్న మాట ఒకటి తీసుకుని, మధ్యలో రెండేసి ఖాళీ వదులుతూ మూడుసార్లు వాయిస్తే నాలుగు, రెండు, నాలుగు, రెండు, నాలుగు, మొత్తం పదహారు. మూడోసారి ముగిసిన వెంటనే ఏ మైనర్ మొదటి బీట్ మీద, సమం మీద దిగుతారు. ఎనిమిది రౌండ్లలో ఒక్కసారి, ఐదో రౌండ్ చివర అనుకోండి, దీన్ని వాడితే ఇన్‌స్ట్రుమెంటల్‌కి ఒక శిఖరం దొరుకుతుంది. ప్రతి రౌండ్‌లో వాడితే మాత్రం తలనొప్పి.

లోటు: ఇలా పుట్టిన ట్యూన్ తరచుగా పాడుకోవడానికి వీలుగా ఉండదు. విషాదం, నెమ్మది, ఎడబాటు లాంటి సీన్లకి నేను దీన్ని వాడను.

రాగంతో మొదలుపెట్టడం

వయొలినో ఫ్లూటో వీణో నేర్చుకున్నవాళ్లందరూ ముందు ఇటే వస్తారు, నేనూ అలాగే వచ్చాను, అందుకే కొంచెం ఎక్కువ చెప్పాలి.

మొదటి ప్రశ్న: మీ షడ్జమం ఎక్కడ? ఈ నాలుగు కార్డ్స్‌లోని స్వరాలని సి నుంచి లెక్కపెడితే 29వ మేళం (కర్ణాటక సంగీతంలో ఏడు స్వరాల మూల రాగాన్ని మేళం అంటారు) శంకరాభరణం, ఏ నుంచి లెక్కపెడితే 20వ మేళం నటభైరవి. గ్రహభేదం, అంటే షడ్జమం చోటు మారిస్తే అవే స్వరాలు వేరే రాగం కావడం, అంతే. కార్డ్స్ ఈ రెండిట్లో దేన్నీ బలవంతపెట్టవు, ట్యూన్ ఎక్కడ విశ్రాంతి తీసుకుంటుందో దాన్ని బట్టి వినేవాళ్ల చెవి తేల్చుకుంటుంది. కాబట్టి ముందు శ్రుతి ఏ (A) లో పెట్టి పది నిమిషాలు, తర్వాత సి లో పెట్టి పది నిమిషాలు అవే స్వరాలు వాయించండి. మీ సీన్‌కి, మీ మనసుకి ఏది కావాలో మాటలతో పని లేకుండా తెలిసిపోతుంది.

రెండోది: అన్ని రాగాలూ ఇక్కడ ఇమడవు. ఏ (A) ని షడ్జమంగా చూస్తే, కీరవాణి రాగంలోని కాకలి నిషాదం (ఎత్తైన ని) జి కార్డ్ తోనూ సి కార్డ్ తోనూ కొట్లాడుతుంది, ఆ రెండిట్లోనూ కైశికి నిషాదమే (దానికి అరస్వరం కింద ఉన్న ని) ఉంది. ఖరహరప్రియ రాగంలోని చతుశ్రుతి ధైవతం (ఎఫ్ స్వరం కంటే అరస్వరం ఎత్తు) ఎఫ్ కార్డ్ దగ్గర దెబ్బతింటుంది. ఈ రెండూ మీకు ఎంత ఇష్టమైనా కార్డ్స్ మార్చే స్వేచ్ఛ లేనప్పుడు పక్కన పెట్టండి. సులువుగా ఒదిగేవి ఐదు స్వరాల రాగాలు. సి నుంచి మోహనం, ఏ నుంచి శుద్ధ ధన్యాసి, ఈ రెండిట్లోనూ ఉన్నవి అవే ఐదు స్వరాలు. ఎఫ్, బి (సి నుంచి చూస్తే మ, ని) రెండూ ట్యూన్‌లో ఉండవు కాబట్టి అరస్వరం ఢీకొట్టే చోట్లు బాగా తగ్గిపోతాయి.

అయితే నిజాయితీగా ఒక మాట. ట్యూన్‌లో నిషాదం లేకపోయినా జి కార్డ్ దాన్ని మోగిస్తూనే ఉంటుంది. వినేవాళ్లకి అది మోహనంలా అనిపించదు, మోహనం స్వరాలు వాడిన ట్యూన్‌లా అనిపిస్తుంది. రాగాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లకి ఇది గుచ్చుకుంటుంది. అలా గుచ్చుకుంటే ఈ దారి వదిలేయడమే మేలు, సగం మనసుతో కట్టిన రాగం ఎవరికీ అక్కర్లేదు.

మూడోది గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం. కీబోర్డ్ మీద సి కార్డ్‌లోని గాంధారం కదలకుండా మోగుతుంటే, వయొలిన్ మీద మీరు అదే గాంధారాన్ని ఊపితే రెండూ రాసుకుంటాయి. పైగా కీబోర్డ్ గాంధారం, తంబురాకి ఒదిగే అంతర గాంధారం కంటే సుమారు 14 సెంట్లు (సెంట్ అంటే అరస్వరంలో నూరో వంతు) ఎక్కువ ఎత్తులో ఉంటుంది, చెవి బాగా తయారైనవాళ్లకి ఆ తేడా పంటి కింద రాయిలా తగులుతుంది. నేను చేసేది ఏమిటంటే, మెలొడీలో గమకం పడే చోట కింద కార్డ్‌లోంచి మధ్య స్వరాన్ని తీసేసి, సి అయితే స, ప మాత్రమే ఉంచుతాను. కార్డ్ అదే, చోటు మాత్రం దొరుకుతుంది. లూప్ ఇంకొకరు రికార్డ్ చేసి ఇచ్చిందైతే మార్చలేం, అప్పుడు గమకాన్ని కార్డ్‌లో లేని స్వరాల మీదకి జరపండి.

కార్డ్‌ని విడగొట్టి వాయించడం

ద, స, గ, స అంటూ కార్డ్‌లోని స్వరాలని ఒక్కొక్కటిగా తిప్పుతూ వాయించడం. అరగంటలో పని అయిపోతుంది, ఎక్కడా తప్పు పడదు. మాటల కింద, వాయిస్ ఓవర్ కింద పరచడానికి ఇంతకంటే మంచిది లేదు. కానీ కార్డ్స్ ఆపేసి చూసే పరీక్షలో ఇది దాదాపు ఎప్పుడూ నిలబడదు, ఎందుకంటే ఇక్కడ ట్యూన్ అంటే కార్డ్సే.

పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | మొదటి రూపం రావడానికి | కార్డ్స్ లేకుండా | వేరుగా వినిపించడం | ముందు తెలియాల్సింది |
|---|---|---|---|---|
| గొంతు | ఒక సాయంత్రం | బాగా నిలబడుతుంది | పాత పాటల నీడ పడొచ్చు | శ్రుతిలో పాడటం |
| దాగున్న గీత | గంట, రెండు గంటలు | నిలబడుతుంది | ఓ మోస్తరు | కార్డ్స్‌లోని స్వరాలు |
| లయ | ఒక సాయంత్రం | సగం సగం | చాలా ఎక్కువ | లెక్క, తాళం |
| రాగం | రెండు మూడు రోజులు | చాలా బాగా | ఎక్కువ | రాగం చేతిలో ఉండటం |
| విడగొట్టడం | అరగంట | నిలబడదు | తక్కువ | కార్డ్ పట్టుకోవడం |

ఈ సమయాలు నా అనుభవంలోంచి వేసినవి, మీవి వేరుగా ఉండొచ్చు.

ఎవరికి ఏది

కీబోర్డ్ నేర్చుకుని ఏడాది కూడా కాలేదంటే దాగున్న గీత తీసుకోండి. చెవి కూడా దాంతోనే తయారవుతుంది.

కర్ణాటక సంగీతం ఐదారేళ్లు నేర్చుకుని కార్డ్స్ కొత్త అయినవాళ్లు వెంటనే రాగంలోకి దూకొద్దని నా సలహా. ముందు ఆ మూడు గీతలూ సరళీ స్వరాల్లా వారం రోజులు వాయించి, కార్డ్ మారినప్పుడు చెవికి ఏమవుతుందో పట్టుకుని, ఆ తర్వాత రాగానికి రండి. చెవి అప్పటిదాకా ఒక్క శ్రుతి మీదే నిలబడటానికి అలవాటు పడి ఉంటుంది, కింద నేల కదలడం దానికి కొత్త.

లాప్‌టాప్‌లో గ్యారేజ్‌బ్యాండ్, రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటి మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లతోనే పనిచేస్తూ ఏ వాయిద్యమూ రానివాళ్లకి లయ దారి. మౌస్‌తో స్వరాలు పెట్టేటప్పుడు అన్నీ గళ్లకి అతుక్కుపోయి ప్రాణం లేకుండా వస్తాయి, నోటితో తకిట అనుకుని ఆ లెక్క ప్రకారం పెడితే కొంత ఊపిరి వస్తుంది.

ఎల్లుండికి ఇవ్వాలి అని కంగారులో ఉన్నవాళ్లకి కింద విడగొట్టిన కార్డ్స్, పైన గొంతుతో దొరికిన రెండే రెండు బార్లు. ఎనిమిది రౌండ్లలో ఆ రెండు బార్లు నాలుగుసార్లు వినిపిస్తే చాలు.

నేను ఒక షార్ట్ ఫిల్మ్‌కి ఇదే వరస మీద కట్టాల్సి వచ్చినప్పుడు వయొలిన్ తీసి నేరుగా నటభైరవి మొదలుపెట్టాను. రెండు రోజులు వాయించాను, సంగతులు బోలెడు పడ్డాయి, డైరెక్టర్ విని చాలా బాగా వాయించారు కానీ తర్వాత గుర్తు రావట్లేదు అన్నాడు. ఆ మాట బాధపెట్టింది, కానీ నిజం. మర్నాడు వయొలిన్ పక్కన పెట్టి, మధ్య వేలి గీత ఒక్కటే తీసుకున్నాను: స, స, స, ని. మూడు బార్లు ఒకే స్వరం, లయ మాత్రం మారుతూ, నాలుగో బార్‌లో దిగడం. రాగం సంగతులన్నీ ఆ జి బార్ కోసం దాచి, నాలుగో రౌండ్ తర్వాత మాత్రమే బయటికి తీశాను. సినిమా చివర అమ్మాయి ఇంటి తలుపు దగ్గర నిలబడి ఉంటుంది, లోపలికి వెళ్తుందో లేదో చూపించరు. అందుకని చివరి రౌండ్‌ని ఏ మైనర్‌కి తీసుకురాకుండా జి మీదే, నిషాదం పట్టుకుని ఆపేశాను.